బటన్ నొక్కాక ఏం జరుగుతుంది?

మీరు చేసిన వెబ్ పేజీ చూడముచ్చటగా ఉంది. రంగులు కుదిరాయి. ఫోన్‌లో తెరిచినా చెదరడం లేదు. ప్రాజెక్టు వైవాలో మార్కులు బాగానే పడ్డాయి. ఇంటర్వ్యూలో మాత్రం అవతలి మనిషి ఒకే ఒక్క ప్రశ్న వేశారు: "యూజర్ సబ్మిట్ నొక్కాడు, అంతలో నెట్ పోయింది. డబ్బు కట్టినట్టా, కట్టనట్టా? మీ పేజీ ఆయనకు ఏం చెబుతుంది?"

మీ దగ్గర జవాబు ఉందా?

మంగళ్‌పల్లి సీవీఆర్‌లోనో, శేరిగూడ శ్రీ ఇందులోనో, ఖానాపూర్ గురునానక్‌లోనో ఇంజినీరింగ్ చదివి బయటికొచ్చిన మీకు జావాస్క్రిప్ట్ కొంత వచ్చు, జావా కొంత వచ్చు, ఎస్‌క్యూఎల్ పరీక్ష కూడా రాశారు. అమీర్‌పేటలో ఇంకో కోర్సు చేసి ఉండొచ్చు. విడివిడిగా అన్నీ తెలుసు. వాటిని కలిపే చోట ఏం జరుగుతుందో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఆదిభట్లలో టీసీఎస్ క్యాంపస్ ఉన్నది మీ ఇబ్రహీంపట్నం మండలంలోనే. అక్కడైనా ఇంకెక్కడైనా బ్యాంకులకో, బీమా కంపెనీలకో, ప్రభుత్వ శాఖలకో చేసే పనిలో పెద్ద భాగం ఇదే: ఇటు మనిషి చూసే తెర, అటు ఏళ్ల తరబడి నడుస్తున్న వ్యాపార ప్రోగ్రాము, మధ్యలో మీరు. ఈ అధ్యాయమంతా ఆ మధ్య చోటు గురించే. మామూలుగా ఇచ్చే 'టు-డూ లిస్ట్' ఉదాహరణ పక్కన పెట్టి, మీ ఇంట్లో వాళ్లకు కూడా అర్థమయ్యే పనిని తీసుకుందాం. అది భూమి.

గుమస్తాకు తెలిసినదంతా తెరకు తెలియాలి

మన దగ్గర ఆఫీసు పనిని కంప్యూటరుకు ఎక్కించడం పాతికేళ్లు దాటిన సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో 1998లో 'కార్డ్' పేరుతో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. 2001లో ఈ-సేవ, 2011లో మీసేవ వచ్చాయి. తొలినాళ్లలో తెర ముందు కూర్చున్నది శాఖ ఉద్యోగి. ఏ గడిలో ఏం రాయాలో, ఏ కాగితం లేకపోతే పని ఆగుతుందో ఆయనకు కంఠతా వచ్చు. తెర మోటుగా ఉన్నా పని నడిచిపోయేది.

తర్వాత తెర జనం చేతికొచ్చింది. 2020 అక్టోబర్ 29న తెలంగాణలో ధరణి పోర్టల్ మొదలైంది. వ్యవసాయ భూమి రిజిస్ట్రేషనూ మ్యుటేషనూ తహసీల్దార్ ఆఫీసులో ఒకేసారి జరిగేలా పెట్టారు. రైతు ముందుగా స్లాట్ బుక్ చేసుకోవాలి. దాంతో గుమస్తాకు తెలిసిన సంగతులన్నీ తెర మీద వెతుక్కోవాల్సిన వంతు రైతుదో, మీసేవ ఆపరేటరుదో అయింది. ఆ పోర్టల్‌లో మాడ్యూళ్లు పెరిగి పెరిగి 33కు చేరాయి. ఊళ్లలో రైతులు కూడా "టీఎం 33 పెట్టుకున్నాం" అని మాట్లాడుకునేవాళ్లు. పాసుపుస్తకంలో తప్పు దిద్దించుకోవడానికి అప్లికేషన్ పెట్టే మాడ్యూల్ నంబరది. ఒక్కసారి ఆలోచించండి. విస్తీర్ణం తక్కువ పడిందనో, తండ్రి పేరు తప్పు పడిందనో రైతుకు తెలుసు. అది ఎన్నో నంబరు మాడ్యూల్ కిందికి వస్తుందో తెలుసుకోవాల్సిన అవసరం ఆయనకు ఎందుకు?

2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. మాడ్యూళ్లను ఆరుకు కుదించారు. ఇందులోని రాజకీయం ఈ పుస్తకానికి అక్కర్లేదు. మన పని వరకు చూస్తే మాత్రం ఇంతకు మించిన పాఠం దొరకదు: వెనక ఉన్న ప్రోగ్రాము ముక్కలను వరుసగా మెనూలో పేర్చేస్తే తెర తయారైపోదు. వచ్చిన మనిషి ఏ పని మీద వచ్చాడో ఆ పనే తెర మీద కనబడాలి.

1. తెర గీయకముందు లెక్క నేర్చుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు ఇదే. ఎక్కువ మంది దాటేసేదీ ఇదే.

పాసుపుస్తకంలో విస్తీర్ణం 2.30 అని ఉంటుంది. మీరు ఏం చేస్తారు? డేటాబేస్‌లో డెసిమల్ కాలమ్ పెడతారు, తెర మీద నంబర్ బాక్స్ పెడతారు. ఇంకో పొలం 1.20. రెండూ కలపమంటే ప్రోగ్రాము 3.50 అంటుంది. మీ నాయనమ్మను అడిగి చూడండి. 2 ఎకరాల 30 గుంటలకు ఎకరం 20 గుంటలు కలిపితే 4 ఎకరాల 10 గుంటలు అని ఆమె నోటి లెక్కతోనే చెబుతుంది. ఎకరానికి 40 గుంటలు కాబట్టి ఆ చుక్క తర్వాత ఉన్నవి గుంటలు.

ఇది చిన్న విషయం అనిపిస్తోందా? రైతు భరోసా ఎకరానికి సీజనుకు 6,000 రూపాయల చొప్పున లెక్కకడదాం. 2 ఎకరాల 20 గుంటలంటే రెండున్నర ఎకరాలు, 15,000 రావాలి. 2.20ని మామూలు దశాంశంగా తీసుకుని గుణించే ప్రోగ్రాము 13,200 చూపిస్తుంది. ఒక్క రైతుకు 1,800 రూపాయల తేడా, అదీ ఎర్రర్ ఏదీ రాకుండానే. పేజీ చక్కగా తెరుచుకుంటుంది, పచ్చ రంగు టిక్కు కూడా పడుతుంది. టెస్టింగులో దొరకదు. ఎందుకంటే టెస్ట్ రాసినవాళ్లూ 2.00, 3.00 అనే వేసి చూస్తారు.

మందు సులువు. లోపల అంతా గుంటల్లో పెట్టండి: 110 గుంటలు, 60 గుంటలు, మొత్తం 170. తెర మీద ఎకరాలకో గడి, గుంటలకో గడి విడిగా ఇవ్వండి. గుంటల గడిలో 39 దాటి పడితే అక్కడికక్కడే అడగండి. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ప్లాట్ల బేరమంతా చదరపు గజాల్లో నడుస్తుంది కాబట్టి గుంటకు 121 గజాలు అన్న మార్పిడి కూడా పక్కనే చూపించండి.

ఈ లెక్క ఏ జావా పుస్తకంలోనూ ఉండదు. పనిచేసేవాళ్ల దగ్గర ఉంటుంది. ఆసుపత్రి ప్రోగ్రాము రాస్తే బిల్లింగ్ కౌంటరులో, బట్టల షాపుకు రాస్తే గల్లా పెట్టె దగ్గర ఒక గంట నిలబడండి. అడగాల్సిన ప్రశ్నలు మూడే. రోజూ ఏ పని ఎక్కువసార్లు చేస్తారు? ఎక్కడ తప్పు పడుతుంది? తప్పు పడితే ఎలా దిద్దుతారు? ముఖ్యంగా ఆ మూడోది. దిద్దుబాటుకు దారిలేని తెరను మనుషులు క్షమించరు, క్షమించకూడదు కూడా.

2. నంబరులా కనిపించేవన్నీ నంబర్లు కావు

సర్వే నంబరు 123/అ. పేరులో నంబరు ఉంది కదా అని ఇంటీజర్ కాలమ్ పెట్టారో, మొదటి రోజే ఇరుక్కుంటారు. అక్షరాలుగా తీసుకున్నా ఇంకో గొయ్యి కాచుకుని ఉంది. దాన్ని వెబ్ చిరునామాలో పెట్టి సర్వర్‌ను అడిగితే, ఆ ఏటవాలు గీతను చూసి '123' ఒక ఫోల్డరు, 'అ' దాని లోపలిది అనుకుని సర్వర్ 404 అంటుంది. చిరునామాలో పెట్టే ప్రతి విలువనూ ఎన్‌కోడ్ చేయడం అలవాటు చేసుకోండి. ఆ గీత ఎన్‌కోడ్ అయినా కొన్ని సర్వర్లు దాన్ని అడ్డుకుంటాయి. అందుకే ఇలాంటివాటిని దారిలో కాకుండా ప్రశ్న గుర్తు తర్వాత వచ్చే భాగంలో పంపడం మేలు.

ఆధార్ 12 అంకెలు, మొబైల్ 10 అంకెలు, ఖాతా నంబర్లు కొన్ని సున్నాతోనే మొదలవుతాయి. వీటితో కూడికలు, తీసివేతలు చేయం కాబట్టి ఇవన్నీ అక్షరాలే. జావాస్క్రిప్ట్‌తో ఇంకో చిక్కుంది. అది పూర్ణాంకాలను 9,007,199,254,740,991 వరకే నమ్మకంగా పట్టుకోగలదు. వెనక నుంచి 18 అంకెల లావాదేవీ నంబరు నంబరుగా వస్తే చివరి అంకెలు చెప్పాపెట్టకుండా మారిపోతాయి. అలాంటివి బ్యాకెండ్ నుంచే కొటేషన్ గుర్తుల మధ్య రావాలని ముందే అడగండి.

డబ్బును పైసల్లో, పూర్ణాంకంగా పంపించుకోండి. 0.1కి 0.2 కలిపితే జావాస్క్రిప్ట్ 0.30000000000000004 అంటుందని మీకు తెలిసే ఉంటుంది. తెర మీద చూపించేటప్పుడు మాత్రం 10,00,000 అని మన పద్ధతిలో కామాలు పెట్టండి. లక్షల్లో ఆలోచించే మనిషికి 1,000,000 చూపిస్తే ఒక్క క్షణం ఆగి లెక్కపెట్టుకోవాలి. డబ్బు కట్టే తెర మీద ఆ తడబాటు మంచిది కాదు.

తేదీలు కూడా ఇంతే. 04/05/2025 అంటే మనకు మే 4. అమెరికాలో తయారైన లైబ్రరీకి ఏప్రిల్ 5. పంపేటప్పుడు ఏడాది ముందు, తర్వాత నెల, తర్వాత రోజు. మన సమయం ప్రపంచ ప్రామాణిక సమయం కన్నా ఐదున్నర గంటలు ముందుంటుంది కాబట్టి, మే 4 అర్ధరాత్రి అని పంపితే సర్వర్‌కు మే 3 సాయంత్రం ఆరున్నరగా చేరుతుంది. పుట్టిన తేదీ ఒక రోజు వెనక్కి జరిగిన అప్లికేషన్లను ఎప్పుడైనా చూశారా? చాలాసార్లు దోషం ఇదే. గంటలతో పనిలేని తేదీని గంటలు లేకుండానే పంపండి.

3. తెలుగు పేరుకు చోటివ్వండి

దీని గురించి తెలుగువాళ్లమే పట్టించుకోకపోతే ఇంకెవరు పట్టించుకుంటారు?

'కృష్ణ' అన్నది కంటికి రెండక్షరాలు. కంప్యూటరుకు ఐదు సంకేతాలు, యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడేసి చొప్పున 15 బైట్లు. 'రామకృష్ణారెడ్డి' 45 బైట్లు. పాత డేటాబేస్‌లో పేరు కాలమ్ 50 బైట్లని ఉంటే ఇంటిపేరు కలపగానే పొంగిపోతుంది. తెర మీద మీరు 50 అక్షరాల హద్దు పెట్టారు, అది దాటలేదు. వెనకాల మాత్రం సేవ్ కాదు. అప్పుడు మీసేవ ఆపరేటరు పేరును కుదించి వేస్తారు. రేపు ఆధార్‌లోని పేరుతో అది కలవదు. ఒక కాలమ్ పొడవు వల్ల ఒక కుటుంబం ఆఫీసుల చుట్టూ తిరుగుతుంది. కాబట్టి పొడవు బైట్లలోనా అక్షరాల్లోనా అని బ్యాకెండ్ వాళ్లను అడిగి తెలుసుకోండి.

వెతుకులాటలో ఇంకో చిక్కు. 'మంగళ్‌పల్లి' అని రాసేటప్పుడు ళ్, ప కలిసిపోకుండా మధ్యలో కంటికి కనబడని ఒక సంకేతం ఉంటుంది. ఒకరు దానితో టైపు చేస్తారు, ఇంకొకరు అది లేకుండా చేస్తారు, మూడోవారు ళ బదులు ల రాస్తారు. మూడూ ఒకే ఊరని మనకు తెలుసు, ప్రోగ్రాముకు తెలియదు. ఊరి పేరును టైపు చేయించకండి. జిల్లా, మండలం, గ్రామం వరుసగా ఎంచుకునేలా చేసి, లోపల గ్రామం కోడ్ పంపండి. కేంద్ర ప్రభుత్వం నడిపే స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీలో ప్రతి గ్రామానికీ కోడ్ ఉంది. మనుషుల పేర్లలో వెతకాల్సి వస్తే ఆ కనబడని సంకేతాన్ని తీసేసి పోల్చమని సర్వర్‌కు చెప్పండి.

4. కోడ్ కన్నా ముందు ఒప్పందం

మీరు ఫ్రంట్‌ఎండ్, మీ స్నేహితుడు బ్యాకెండ్. ఇద్దరూ నెల రోజులు విడివిడిగా రాసి, సబ్మిషన్‌కు ముందు రోజు రాత్రి కలుపుతారు. మీరు పంపేది పట్టాదారు పేరు, అతను ఎదురుచూసేది యజమాని పేరు. ఇక తెల్లవార్లూ జాగారమే.

ఒక సాయంత్రం ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, ఏ అడ్రసుకు ఏ పని, ఏం పంపాలి, ఏం తిరిగొస్తుంది అన్నది జేసన్ నమూనాలతో సహా రాసుకోండి. తప్పనిసరి గడులేవి, ఖాళీగా రాగలిగేవేవి గుర్తు పెట్టండి. ఎర్రర్ వచ్చినప్పుడు జవాబు ఏ రూపంలో ఉంటుందో తప్పకుండా రాయండి. అందరూ మరిచేది అదే. ఈ కాగితం చేతిలో ఉంటే మీ స్నేహితుడి సర్వర్ తయారయ్యేదాకా ఆగక్కర్లేదు, నకిలీ జవాబులతో తెర మొత్తం పూర్తి చేసుకోవచ్చు. ఒప్పందం మారితే ముందు కాగితం మారాలి, ఆ తర్వాతే కోడ్.

5. నొక్కిన తర్వాతి క్షణాలు

2004లో జీమెయిల్ వచ్చేదాకా చాలామందికి వెబ్ అంటే నొక్కిన ప్రతిసారీ పేజీ మొత్తం తెల్లబోయి మళ్లీ రావడమే. పేజీ కదలకుండా వెనకాల సర్వర్‌తో మాట్లాడే పద్ధతికి 2005లో ఏజాక్స్ అన్న పేరు స్థిరపడింది. సౌకర్యం పెరిగింది. దాంతోపాటు ఒక బాధ్యత మన మీద పడింది. పూర్వం 'పని జరుగుతోంది' అని చూపించేది బ్రౌజర్. ఇప్పుడు చూపించాల్సింది మీరు.

పదో వంతు సెకనులో జవాబొస్తే మనిషికి అది వెంటనే అయినట్టే. ఒక సెకను దాటితే ఆలోచన తెగుతుంది. పది సెకన్లు దాటితే మనసు ఇంకో పని మీదికి పోతుంది. జాకబ్ నీల్సన్ 1993లో తన పుస్తకంలో రాసిన ఈ మూడు హద్దులు ఇప్పటికీ పనికొస్తాయి. సెకను దాటే ప్రతి పనికీ ఏం జరుగుతోందో మాటల్లో చెప్పండి. తిరిగే చక్రం కన్నా "చలానా తయారవుతోంది" అన్న రెండు మాటలు ఎక్కువ ధైర్యాన్నిస్తాయి.

ప్రతి తెరకూ నాలుగు రూపాలు గీయండి: వస్తున్నప్పుడు, వచ్చాక, ఏమీ లేనప్పుడు, తప్పిపోయినప్పుడు. విద్యార్థుల ప్రాజెక్టుల్లో నూటికి తొంభై రెండో రూపంతోనే ఆగిపోతాయని నా అభిప్రాయం. 'ఈ ఖాతాలో భూములేవీ లేవు' అన్నదీ, 'వివరాలు తేలేకపోయాం' అన్నదీ ఒకటి కాదు. నెట్ పోయినందుకు తెర ఖాళీగా కనబడితే, తన భూమే రికార్డుల్లోంచి పోయిందని రైతు గుండె జారిపోతుంది.

ఇప్పుడు డబ్బు సంగతి. ఆయన 'చెల్లించండి' నొక్కాడు, ఏమీ కదల్లేదు, ఇంకోసారి నొక్కాడు. రెండు చలానాలు. బటన్‌ను మొదటి నొక్కుతోనే ఆపేస్తే చాలదా? చాలదు. పేజీ రీఫ్రెష్ చేస్తాడు. లేదా అభ్యర్థన సర్వర్‌కు చేరి, జవాబు మాత్రం దారిలో పోతుంది. గట్టి పద్ధతి ఇది: ఫారం తెరిచినప్పుడే ఒక ప్రత్యేకమైన గుర్తింపు సంఖ్య పుట్టించండి. రీఫ్రెష్ చేసినా పోకుండా బ్రౌజర్ సెషన్‌లో దాచండి. ప్రతి అభ్యర్థనతోపాటు దాన్ని పంపండి. అదే సంఖ్య రెండోసారి వస్తే సర్వర్ కొత్త చలానా వేయకుండా పాత జవాబునే తిరిగిస్తుంది. డేటాబేస్‌లో ఆ కాలమ్‌కు యూనిక్ షరతు ఉండాలి. జవాబు రాకుండా సమయం మించిపోతే "విఫలమైంది" అని తెర మీద రాయకండి, అది మీకు తెలియదు. "మీ చెల్లింపు స్థితి చూస్తున్నాం, మళ్లీ కట్టవద్దు" అని రాసి, ఆ సంఖ్యతో సర్వర్‌ను అడగండి. బ్యాంకు పేజీ నుంచి మీ 'సక్సెస్' పేజీకి తిరిగొచ్చినంత మాత్రాన డబ్బు వచ్చినట్టు కాదు. పేమెంట్ గేట్‌వే నేరుగా మీ సర్వర్‌కు పంపే కబురే లెక్క.

6. ఒకే స్లాటు, ఇద్దరు మనుషులు

2005 దీపావళికి ఊరెళ్లడానికి బస్సు టికెట్ దొరక్క, తర్వాతి ఏడాది ఫణీంద్ర సామ స్నేహితులతో కలిసి బెంగళూరులో రెడ్‌బస్ మొదలుపెట్టిన కథ మీరు వినే ఉంటారు. ప్రేరణ కథగా విని వదిలేయకండి, అందులోని ఇంజినీరింగ్ చూడండి. ఏ ఆపరేటరు దగ్గర ఎన్ని సీట్లు మిగిలాయో ఎవరికీ పూర్తిగా తెలియకుండా, ఏజెంట్లు ఫోన్ల మీద సీట్లు అమ్మేవారు. తెర మీద ఖాళీగా కనిపించే సీటు నిజంగా ఖాళీగా ఉందా అన్నదే అసలు చిక్కు.

తహసీల్దార్ ఆఫీసు స్లాటుకూ అదే చిక్కు. పదిన్నర స్లాటు ఇద్దరి తెరల మీదా ఖాళీగా ఉంది, ఇద్దరూ నొక్కారు. ఎవరిదో తేల్చాల్సింది డేటాబేస్. ఆఫీసు, తేదీ, సమయం మూడూ కలిపి యూనిక్ షరతు పెడితే రెండో అభ్యర్థనను అది తిప్పికొడుతుంది, దాన్ని సర్వర్ 409గా తెరకు పంపాలి. అక్కడి నుంచి తెర పని మొదలవుతుంది. ఓడిపోయిన మనిషికి ఫారం అంతా ఖాళీ చేసి మొదటికి తీసుకెళ్తారా? అలా చేయొద్దు. నింపిన వివరాలన్నీ ఉంచి, "ఈ సమయం ఇప్పుడే వేరొకరికి దక్కింది, ఈ రోజే ఖాళీగా ఉన్నవి ఇవి" అని చూపించండి. డబ్బు కట్టే అడుగు మధ్యలో ఉంటే, స్లాటును కొన్ని నిమిషాలు ఆయన పేరున పట్టి ఉంచి, మిగిలిన సమయం తెర మీద కనబడనివ్వండి.

7. తెరను నమ్మొద్దు, నిబంధన వెనకాలే ఉండాలి

2021 జూలైలో తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు వగైరా కలిపి 6 శాతం నుంచి 7.5 శాతానికి పెరిగాయి. ఆ 6ను మీరు జావాస్క్రిప్ట్‌లో రాసేశారనుకోండి. పాత ఫైలు ఇంకా బ్రౌజర్‌లో దాగి ఉన్న మనిషికి పది లక్షల ఆస్తి మీద 60,000 చూపిస్తుంది, ఆఫీసులో 75,000 అడుగుతారు. తెర లెక్కలు చూపించవచ్చు, ఆ లెక్క కట్టేది మాత్రం సర్వర్ కావాలి.

భద్రత కోసం కూడా అంతే. బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి ఫీజు గడిని ఒక్క రూపాయిగా మార్చడానికి ఇంజినీరింగ్ డిగ్రీ కూడా అక్కర్లేదు. తెర మీది తనిఖీ మనిషి సౌకర్యం కోసం, సర్వర్ తనిఖీ రక్షణ కోసం. రెండూ రాయాలి. రెండుసార్లు రాయడం దండగ అనిపిస్తుంది, అయినా రాయండి.

8. ఎర్రర్ సందేశం కూడా మీరు రాసే వాక్యమే

"ఏదో తప్పు జరిగింది." ఈ వాక్యం చదివి ఎవరైనా ఏం చేయగలరు? ఏం కాలేదు, ఎందుకు కాలేదు, ఇప్పుడేం చేయాలి, ఈ మూడూ చెప్పండి. 401 వస్తే మళ్లీ లాగిన్ అడగండి, కానీ నింపిన ఫారం పోనివ్వకండి. 422 వస్తే ఏ గడిలో తప్పుందో ఆ గడి కిందే రాయండి. 500 వస్తే దోషం మనిషిది కాదు, మీదని ఒప్పుకుని, ఫిర్యాదు చేయడానికి ఒక రిఫరెన్స్ నంబరు ఇవ్వండి.

తరచుగా చేసే పొరపాట్లు

పోస్ట్‌మ్యాన్‌లో పనిచేసే ఏపీఐ బ్రౌజర్‌లో ఎర్ర అక్షరాలతో ఆగిపోతుంది. కారణం కార్స్. చాలామంది దాన్ని ఆపేసే ఎక్స్‌టెన్షన్ ఒకటి వేసుకుని పని అయిపోయిందనుకుంటారు. అది మీ ల్యాప్‌టాప్‌లో మాత్రమే అయింది. ఏ సైటు నుంచి వచ్చే అభ్యర్థనలను అనుమతించాలో సర్వర్ చెప్పాలి, దిద్దుబాటు అక్కడే.

వెయ్యి రికార్డులూ ఒకేసారి తెచ్చి తెర మీద గుమ్మరించడం ఇంకోటి. ఇరవై, ఇరవై చొప్పున అడగండి.

కాలేజీ వైఫైలో మాత్రమే పరీక్షించడం మరోటి. బ్రౌజర్‌లోనే నెట్ వేగం తగ్గించి చూసే సదుపాయం ఉంది. అది సరిపోదనిపిస్తే, ఎల్బీ నగర్ నుంచి సాగర్ రోడ్డు మీద ఇంటికెళ్లే బస్సులో ఫోన్‌లో మీ సైటు తెరవండి. ఎక్కడ ఆగిందో అక్కడ మీకు పనుంది.

ఇక ఫ్రేమ్‌వర్కుల మోజు. రియాక్ట్ 2013లో వచ్చింది, ఇంకా నడుస్తోంది. దాని తర్వాత వచ్చిన ఎన్నో పేర్లు వినబడి పోయాయి. ఒకటి పట్టుకోండి, ఆరు నెలలు వదలకండి. పైన చెప్పిన ఎనిమిదింటిలో ఏదీ ఫ్రేమ్‌వర్కును బట్టి మారదు.

ఈ నెలలో చేయాల్సింది

మూడు తెరలు చాలు: భూమి వివరాలు, స్లాటు, చెల్లింపు. చెల్లింపు నకిలీదే, వెనకాల స్ప్రింగ్ బూటో నోడో మీ ఇష్టం, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ చాలు. నిజమైన మనుషుల ఆధార్ నంబర్లు, పాసుపుస్తకాలు వాడకండి. అన్నీ కల్పించుకోండి.

మొదటి వారం కోడ్ ముట్టుకోవద్దు. ఇంట్లో పెద్దవాళ్లనూ, తెలిసిన మీసేవ ఆపరేటరునూ అడిగి లెక్కలు, తప్పులు, దిద్దుబాట్లు రాసుకోండి. ఒప్పందం కాగితం తయారవ్వాలి. తర్వాతి రెండు వారాలు తెరలు, సర్వర్. నాలుగో వారమంతా పాడుచేయడానికే కేటాయించండి: సర్వర్ మధ్యలో ఆపండి, రెండు కిటికీల్లో ఒకే స్లాటు నొక్కండి, గుంటల గడిలో 45 వేయండి, పొడవాటి తెలుగు పేరు వేయండి, చెల్లింపు మధ్యలో ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ప్రతిదానికీ ఏం జరిగింది, ఎలా దిద్దారు అన్నది రెండు వాక్యాల్లో రాసి ప్రాజెక్టుతోపాటే పెట్టండి. రెజ్యూమెలో "రియాక్ట్, జావా తెలుసు" అని రాసేచోట ఈ జాబితా లింకు ఇవ్వండి.

చివరగా, కంప్యూటరుతో పెద్దగా పరిచయం లేని ఒకరిని కూర్చోబెట్టండి. మీ బాబాయి కావచ్చు, పక్కింటి అత్త కావచ్చు. "రేపటికి స్లాటు బుక్ చేయండి" అని ఒక్క మాట చెప్పి పక్కన కూర్చోండి. "అక్కడ నొక్కు బాబాయ్" అనాలని నోటిదాకా వస్తుంది, అనకండి. ఆయన వేలు ఎక్కడ ఆగిందో, ఏ మాట రెండుసార్లు చదివారో, ఎప్పుడు మీ ముఖం వైపు చూశారో కాగితం మీద రాసుకోండి. ఆ రాత్రే అవి దిద్ది, వారం తర్వాత ఇంకో కొత్త మనిషిని కూర్చోబెట్టండి.